పది మీటర్ల ఎయిర్ పిస్టల్: చెయ్యి ఊగినా పర్వాలేదు, సైట్లు చెదరకూడదు

ఎయిర్ పిస్టల్ పట్టుకున్న మొదటి రోజు నుంచీ అందరిదీ ఒకటే బెంగ: చెయ్యి ఊగుతోంది. ఆ ఊపు ఆపడానికి పిస్టల్‌ని బిగబట్టి, ఊపిరి బిగబట్టి, సైటు (గురి చూడటానికి పిస్టల్ మీద ఉండే భాగం) సరిగ్గా టార్గెట్ నల్ల గుండ్రం కిందికి వచ్చిన క్షణాన ట్రిగ్గర్ లాగేస్తారు. షాట్ ఆరులోకో, ఐదులోకో పోతుంది. తప్పు ఊపుది అనుకుని ఇంకా బిగిస్తారు. నిజానికి ఆ షాట్‌ని పాడుచేసింది ఊపు కాదు, దాన్ని ఆపాలన్న తాపత్రయం. ఎందుకో లెక్క వేసి చూస్తే తేలిపోతుంది.

పిస్టల్ టార్గెట్ కార్డు 170 మి.మీ. చదరం. అందులో పది వలయం వ్యాసం 11.5 మి.మీ. అక్కణ్ణుంచి ఒక్కో వలయానికి వ్యాసం 16 మి.మీ. చొప్పున పెరుగుతుంది. ఏడు నుంచి పది దాకా నలుపు, దాని వ్యాసం 59.5 మి.మీ. పెల్లెట్ (ఎయిర్ పిస్టల్‌లో వాడే చిన్న సీసం గుండు) వ్యాసం 4.5 మి.మీ.; దాని అంచు గీతను తాకినా పై స్కోరే ఇస్తారు. కాబట్టి పెల్లెట్ మధ్యబిందువు టార్గెట్ కేంద్రం నుంచి 8 మి.మీ. లోపు పడితే పది, 16 లోపు తొమ్మిది, 24 లోపు ఎనిమిది, 32 లోపు ఏడు. ఈ ఎనిమిదో ఎక్కం గుర్తుంటే చాలు, మిగతాదంతా అర్థమవుతుంది.

ఇప్పుడు చెయ్యి మొత్తం, సైట్లు వరసలో ఉండగానే, 8 మి.మీ. పక్కకి జరిగిందనుకోండి. షాట్ కూడా 8 మి.మీ.యే జరుగుతుంది. ఇంకా పదే. అదే చెయ్యి కదలకుండా, మణికట్టు దగ్గర చిన్న మలుపు వచ్చి ముందు సైటు (గొట్టం చివర ఉండే నిలువు బ్లేడు) వెనక సైటు గాడిలో 1 మి.మీ. పక్కకి జరిగిందనుకోండి. రెండు సైట్ల మధ్య దూరం సుమారు 340 మి.మీ. ఉంటుంది. పది మీటర్ల దూరానికి వెళ్లేసరికి ఆ ఒక్క మిల్లీమీటరు 29 మి.మీ. అవుతుంది. అంటే ఏడు. పదిలోనే ఉండాలంటే సైట్ల వరసలో తేడా పావు మిల్లీమీటరు దాటకూడదు. ముందు సైటు బ్లేడే నాలుగు, నాలుగున్నర మి.మీ. వెడల్పు ఉంటుందని గుర్తుంచుకుంటే పావు మిల్లీమీటరు ఎంత చిన్నదో తెలుస్తుంది.

అందుకే కన్ను ముందు సైటు మీదే ఉండాలి. కన్ను ఒకేసారి రెండు దూరాలను స్పష్టంగా చూడలేదు. టార్గెట్ నల్ల గుండ్రం అంచులు స్పష్టంగా కనిపిస్తున్నాయంటే ముందు సైటు మసకగా ఉన్నట్టే, ఆ మసకలో పావు మిల్లీమీటరు తేడా కనిపించదు. ముందు సైటు అంచులు బ్లేడుతో కోసినట్టు కనిపించాలి, టార్గెట్ బూడిదరంగు మచ్చలా ఉండాలి. కొత్తవాళ్లకు ఇది ఎంత చెప్పినా మనసు ఒప్పదు. కాల్చేది టార్గెట్‌ని కదా, దాన్ని చూడకుండా ఎలా అనిపిస్తుంది. ఈ ఒక్క అలవాటు మారడానికే నెలలు పడుతుంది. పిస్టల్ షూటింగ్‌లో దీన్ని మించిన పాఠం లేదని నా గట్టి నమ్మకం.

గురి ఎక్కడ పెట్టాలన్నదీ దీనికి ముడిపడిందే. ముందు సైటు పైఅంచుని నల్ల గుండ్రానికి సరిగ్గా ఆనిస్తే, ఆ ఆనింపు సరిగ్గా ఉందో లేదో చూడటానికి కన్ను టార్గెట్‌కి పరుగెడుతుంది. అందుకే చాలామంది నలుపుకీ సైటుకీ మధ్య తెల్లటి జాగా వదిలి కింద గురిపెడతారు. దీన్ని సబ్ సిక్స్ అంటారు. ఆ జాగా షాట్ షాట్‌కీ కొంచెం మారినా ఫర్వాలేదు, లెక్క పైన చెప్పిందే. సైటు ఆ ప్రాంతంలో ఎక్కడ తిరుగుతున్నా ట్రిగ్గర్ నొక్కడం ఆపనక్కర్లేదన్న ధైర్యం వస్తుంది. వెనక సైటు గాడిలో ముందు సైటుకి రెండు పక్కలా కనిపించే వెలుతురు సమానంగా ఉండాలి. గాడి మరీ ఇరుగ్గా పెట్టుకుంటే కన్ను త్వరగా అలసిపోతుంది. ఒక్కో పక్క సైటు వెడల్పులో మూడోవంతు నుంచి సగం దాకా వెలుతురు ఉండేలా మొదలుపెట్టి, తర్వాత మీ కంటికి తగ్గట్టు సర్దుకోండి.

గ్రిప్

మ్యాచ్ పిస్టల్ కొనేటప్పుడు స్టెయిర్ మంచిదా, మొరీని మంచిదా, వాల్టర్, ఫైన్‌వెర్క్‌బౌ, పార్దీనీలలో ఏది మేలు అని వాదించుకునే సమయంలో సగం గ్రిప్ మీద పెడితే స్కోరు పెరుగుతుంది. ఈ కంపెనీల పిస్టళ్లన్నీ కదలకుండా వైస్‌లో (బల్లకి బిగించే పట్టులో) పెట్టి కాలిస్తే అన్ని పెల్లెట్లనీ ఒకే చిన్న రంధ్రంలోకి పంపుతాయి. పదిని పోగొట్టేది పిస్టల్ కాదు. గ్రిప్ మాత్రం మీ చేతికి కుదిరి తీరాలి.

పరీక్ష ఇదీ. ఖాళీ పిస్టల్ పట్టుకుని, కళ్లు మూసుకుని, చెయ్యి మామూలుగా ఎత్తి, గురి ఎత్తులో ఆపండి. కళ్లు తెరవండి. తల కదల్చకుండా, మణికట్టు సర్దకుండా చూస్తే ముందు సైటు గాడి మధ్యలో, రెండు పైఅంచులూ ఒకే గీతలో ఉండాలి. ప్రతిసారీ ముందు సైటు కుడికే కనిపిస్తోందంటే గ్రిప్ చేతిలో అటు తిరిగి కూర్చుంటోంది. ప్రతిసారీ గాడిపైకి పొడుచుకొచ్చిందంటే గ్రిప్ వాలు మారాలి. ఇప్పటి పిస్టళ్లలో చాలావాటికి గ్రిప్‌ని అటూ ఇటూ తిప్పడానికీ, ముందుకీ వెనక్కీ వంచడానికీ స్క్రూలు ఉంటాయి. ఒకసారికి ఒకే స్క్రూ, అదీ కొంచెమే తిప్పి, మళ్లీ పరీక్షించండి. రెండు మూడు ఒకేసారి తిప్పితే ఏది ఏం చేసిందో తెలియదు. అరచేతికీ చెక్కకీ మధ్య ఖాళీ మిగిలితే ఎపాక్సీ పుట్టీతో నింపి, ఆరాక గరుకు కాగితంతో రుద్దుకోవచ్చు. కింద ఉండే అరచేతి పలక చేతి అంచుకి తగిలేలా ఉండాలి కానీ చేతిని నలపకూడదు. అది మరీ బిగువుగా ఉంటే వేళ్లు మొద్దుబారి, ముప్పయ్యో షాట్ దగ్గరికొచ్చేసరికి పట్టు మారిపోతుంది.

గ్రిప్ ఎంత పెద్దదైనా మణికట్టుకి ఆసరా ఇవ్వకూడదన్నది నియమం. పిస్టల్ మొత్తం 420 మి.మీ. పొడవు, 200 ఎత్తు, 50 వెడల్పు ఉన్న పెట్టెలో పట్టాలి, బరువు 1,500 గ్రాములు దాటకూడదు. పుట్టీ ఎక్కువ పూసుకుని మ్యాచ్ రోజు పెట్టెలో పట్టక అవస్థపడేవాళ్లు ప్రతి రాష్ట్ర పోటీలోనూ కనిపిస్తారు.

పట్టు బలం మధ్యవేలు, ఉంగరపువేళ్ల మీద ఉండాలి, నేరుగా వెనక్కి లాగుతున్నట్టు. బొటనవేలు ఊరికే ఆని ఉండాలి, చిటికెనవేలు నొక్కకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, మొదటి షాట్‌కి ఎంత బిగువు ఉందో అరవయ్యో షాట్‌కీ అంతే ఉండాలి.

ట్రిగ్గర్

ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు మోయాలి. కాక్ చేసిన (కాల్చడానికి సిద్ధం చేసిన) పిస్టల్‌ని నిలువుగా పెట్టి, ట్రిగ్గర్‌కి 500 గ్రాముల తూకం తగిలించి పైకెత్తితే ట్రిగ్గర్ విడవకూడదు. సరిగ్గా 500కి సెట్ చేసుకుంటే చలికో, దుమ్ముకో, స్క్రూ సడలో అది కాస్త తగ్గి పరీక్షలో పోతుంది. 510, 520 మధ్య పెట్టుకోండి. మ్యాచ్ అయ్యాక కూడా కొందరిని పిలిచి పరీక్షిస్తారు, అప్పుడు పోతే ఫలితమే పోతుంది. ట్రిగ్గర్ రెండు దశల్లో కదులుతుంది. ఆ బరువులో ఎక్కువభాగం మొదటి దశలోనే ఉండి, రెండో దశకి వంద గ్రాముల చిల్లర మిగిలేలా చేసుకుంటే సుఖం. మొదటి దశ పూర్తిగా తీసుకుని గోడలా తగిలిన చోట ఆగగలగాలి.

చూపుడువేలు మొదటి కణుపు మెత్తటి భాగం మధ్యలో ట్రిగ్గర్ ఆనాలి. వేలు గ్రిప్ చెక్కకి పక్కగా తగులుతుంటే నొక్కినప్పుడల్లా పిస్టల్ పక్కకి తోసుకుపోతుంది. ట్రిగ్గర్ బ్లేడుని ముందుకీ వెనక్కీ జరిపి వేలు కింద సన్నటి ఖాళీ ఉండేలా చూడండి.

నొక్కడం నిరంతరంగా, సైటు ఊగుతుండగానే సాగాలి. సెకనుకి సుమారు 150 మీటర్ల వేగంతో పెల్లెట్ బయలుదేరుతుంది, పది మీటర్లు పోవడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. అది బ్యారెల్‌లో ఉన్న కొద్ది క్షణంలో చెయ్యి కదిలినా పెల్లెట్ అటే పోతుంది. అందుకే షాట్ అయ్యాక కూడా రెండు సెకన్లు సైట్ల మీదే కన్ను పెట్టి, ట్రిగ్గర్ వెనక్కే పట్టుకుని ఉండటం అలవాటు చేసుకోవాలి. షాట్ ఎక్కడ పడిందో చూపించే మానిటర్ చూడకముందే, షాట్ విడిచిన క్షణంలో ముందు సైటు ఎక్కడుందో చెప్పుకోండి: మధ్య, కుడి, కింద. చెప్పినదీ పడినదీ కలుస్తుంటే మీరు నిజంగా సైటునే చూస్తున్నారు. కలవకపోతే కన్ను టార్గెట్ మీదికి దూకుతోంది, లేదా షాట్ విడిచే క్షణంలో రెప్ప వాలుతోంది.

కుడిచేతివాళ్ల షాట్లు కింద ఎడమకు, గడియారంలో ఏడు ఎనిమిది గంటల వైపు గుంపుకడుతుంటే ట్రిగ్గర్ గుంజుతున్నారని, లేదా ట్రిగ్గర్‌తో పాటు మిగతా వేళ్లూ బిగుస్తున్నాయని అర్థం. పైకి ఎగిరే షాట్లు ఎక్కువైతే షాట్ వస్తోందని ముందే భయపడి అరచేతి మడమతో తోస్తున్నారు. నిలువుగా సాగిన గుంపు మణికట్టు వదులుదో, ఊపిరిదో, అలసటదో. అడ్డంగా సాగితే నిలబడిన తీరు చూసుకోవాలి. కళ్లు మూసుకుని చెయ్యి ఎత్తి తెరిస్తే పిస్టల్ పక్క టార్గెట్ వైపు పోతోందంటే చేతిని కాదు, వెనక కాలిని జరపాలి. గుంపు చిన్నదిగా ఉండి, చోటు మాత్రం తప్పితేనే సైటు స్క్రూ ముట్టుకోండి. ఒక్క షాట్ చూసి సైటు తిప్పేవాళ్లకి ఆ రోజంతా సైటు వెంట పరుగే. జర్మన్ తయారీల్లో చాలావాటికి స్క్రూ మీది గుర్తు ‘షాట్ అటు పోయినప్పుడు ఇటు తిప్పు’ అన్న అర్థంలో ఉంటుంది, అటు జరపడానికి అని కాదు. ఐదు షాట్లు కాల్చి, ఐదు క్లిక్కులు తిప్పి, మళ్లీ ఐదు కాల్చి, గుంపు ఎటు ఎంత జరిగిందో కొలిచి రాసిపెట్టుకోండి. మ్యాచ్‌లో ఆ కాగితం పనికొస్తుంది.

షాట్ ఎత్తడం నుంచి విడవడం దాకా ఇలా సాగుతుంది: ఊపిరి తీసుకుంటూ చెయ్యి టార్గెట్ పైకి ఎత్తాలి, ఊపిరి వదులుతూ కిందికి దించాలి, ఆ దించడంలోనే మొదటి దశ ట్రిగ్గర్ తీసుకోవాలి, గురి ప్రాంతంలో చెయ్యి కుదురుకున్నాక ఆరు నుంచి ఎనిమిది సెకన్లలో షాట్ వెళ్లిపోవాలి. పది సెకన్లు దాటితే కంటికి, కండరానికి ఆక్సిజన్ తగ్గి ఊపు పెరుగుతుంది. అప్పుడు దించేయాలి. దించడం చేతకాకపోవడమే చాలామందికి మ్యాచ్‌లో నాలుగైదు పాయింట్లు పోవడానికి కారణం.

ఇంట్లో సాధన

పెల్లెట్ లేకుండా తెల్ల గోడకి ఎదురుగా చేసే డ్రై ప్రాక్టీస్ రేంజ్‌లో కాల్చే వంద షాట్ల కన్నా ఎక్కువ నేర్పుతుంది. గోడ మీద ఏ గుర్తూ పెట్టకండి. చూడటానికి ముందు సైటు తప్ప ఏమీ ఉండదు, అదే కావలసింది. ట్రిగ్గర్ విడిచినప్పుడు గాడిలో సైటు కదిలిందా లేదా అన్నది కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. రోజుకి ఇరవై నిమిషాలు చాలు. మ్యాచ్ పిస్టళ్లకి గాలి వదలకుండా ట్రిగ్గర్ మాత్రమే పనిచేసే డ్రై ఫైర్ ఏర్పాటు ఉంటుంది. స్ప్రింగ్ పిస్టల్‌ని మాత్రం పెల్లెట్ లేకుండా ఎప్పుడూ కాల్చకూడదు, పిస్టన్ ముందు గోడకి కొట్టుకుని సీలు, స్ప్రింగు దెబ్బతింటాయి.

ఇంట్లో పది మీటర్లు దొరకనివాళ్లకి ఒక ఉపాయం. పది మీటర్ల రైఫిల్ కార్డులో నలుపు వ్యాసం 30.5 మి.మీ., పిస్టల్ కార్డు నలుపులో దాదాపు సగం. కాబట్టి ఐదు మీటర్ల దూరంలో రైఫిల్ కార్డు పెడితే కంటికి పిస్టల్ టార్గెట్ పదిమీటర్ల దూరంలో ఉన్నంతే కనిపిస్తుంది. స్కోరు లెక్కపెట్టకండి, వలయాలు సరిపోవు. గుంపు చూసుకోండి. టార్గెట్ మధ్యబిందువు నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉండాలి, దాని మీద మంచి దీపం పడాలి.

వెనక అడ్డుగా చెక్క పలక పెట్టకండి, పెల్లెట్ తిరిగి ముఖం మీదికి వస్తుంది. కిందికి వాలుగా నిలిపిన ఇనుపరేకు, కింద ఇసుక ఉన్న పెట్టె మేలు. రేకు నిటారుగా ఉండకూడదు. కంటికి అద్దాలు తప్పనిసరి. కాల్చే గదిలోకి, టార్గెట్ వెనకకి తెరుచుకునే తలుపు ఏదైనా ఉంటే గడియ పెట్టాల్సిందే. డాబా మీద కాల్చడం గురించి అడిగేవాళ్లకి ఒకటే మాట: వద్దు. గురి తప్పిన పెల్లెట్ పిట్టగోడ దాటి ఎక్కడ పడుతుందో మీకు తెలియదు. పెల్లెట్లు సీసం కాబట్టి కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏమీ తినకూడదు.

చట్టం మాటా తెలిసి ఉండాలి. మన దేశంలో 20 జౌళ్ల శక్తి మించని, 4.5 మి.మీ. బోరు ఉన్న ఎయిర్ గన్‌లకు లైసెన్స్ అక్కర్లేదు. మ్యాచ్ పిస్టల్ శక్తి ఆరు జౌళ్ల చుట్టూనే ఉంటుంది. కొనేటప్పుడు గుర్తింపు కార్డు చూపించాలి, బిల్లు జాగ్రత్తగా దాచుకోవాలి. ఎయిర్ గన్‌తో పిట్టల్ని కొట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఈ ఆటని ప్రేమించేవాళ్లు దాన్ని చూసీచూడనట్టు వదలకూడదు.

పెల్లెట్లు, గాలి

పెల్లెట్ల గురించి రైఫిల్‌వాళ్లు పడేంత తాపత్రయం పిస్టల్‌కి అక్కర్లేదు. రైఫిల్‌లో పది అంటే అర మిల్లీమీటరు చుక్క, అక్కడ ఏ బ్యాచ్ పెల్లెట్లు తమ రైఫిల్‌కి నప్పుతాయో పరీక్షించుకోవడం స్కోరుని మారుస్తుంది. పిస్టల్‌కి ముందు తల చదునుగా ఉండే మ్యాచ్ పెల్లెట్ అయితే చాలు, కాగితంలో గుండ్రటి శుభ్రమైన రంధ్రం పడుతుంది. ఆర్‌డబ్ల్యూఎస్, హెచ్ అండ్ ఎన్ లాంటివాటిలో అర గ్రాము చుట్టూ బరువున్నది ఒకటి పట్టుకుని, దానితోనే సాగండి. డబ్బాని కింద పడేస్తే మాత్రం పెల్లెట్ల వెనక అంచులు నొక్కుకుపోతాయి, అవి సాధనకే.

పిస్టల్‌కి గాలి అందించే సిలిండర్ సంగతి నిర్లక్ష్యం చేయకూడనిది. సాధారణంగా 200 బార్ దాకా నింపుతారు. మెల్లగా నింపాలి, త్వరగా నింపితే సిలిండర్ వేడెక్కి, చల్లారాక కొలత పడిపోతుంది. దారాలకి మామూలు నూనె, గ్రీజు ఎప్పుడూ రాయకూడదు, అధిక పీడనం గాలిలో నూనె అంటుకుని పేలే ప్రమాదం ఉంది. తయారీదారు చెప్పిన గ్రీజు మాత్రమే వాడాలి. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో చేతిపంపుతో నింపేవాళ్లు తేమ పట్టే ఫిల్టర్ తరచూ మార్చాలి, నీరు చేరితే రెగ్యులేటర్ లోపల తుప్పు పడుతుంది. మే నెల ఎండలో కారులో సిలిండర్ వదిలేయకండి. దాని మీద తయారైన తేదీ ఉంటుంది, కంపెనీ చెప్పిన గడువు, చాలావాటికి పదేళ్లు, దాటాక పోటీకి తీసుకెళ్లకూడదు. కొలత బాగా పడిపోయాక షాట్ల వేగం తగ్గి గుంపు కిందికి జారుతుంది. నలభయ్యో షాట్ తర్వాత తొమ్మిదులు కిందే పడుతుంటే మణికట్టుని అనుమానించే ముందు గేజు చూడండి.

పోటీ

ఈ ఆటలో పిస్టల్‌కి ఉన్న సౌకర్యం, రైఫిల్‌వాళ్లకి కావలసిన జాకెట్టు, ప్యాంటు, గ్లవ్ ఏవీ అక్కర్లేదు. చదునైన అడుగున్న, చీలమండ ఎముకని కప్పని బూట్లు, కావాలంటే కంటి పక్కన 40 మి.మీ. మించని పక్క అడ్డు, గురిపెట్టని కంటికి 30 మి.మీ. లోపు అడ్డు. రెండో కన్ను మూసుకుని కాలిస్తే గురిపెట్టే కన్నూ ముడుచుకుంటుంది, ఆ చిన్న అడ్డే మేలు. హైదరాబాద్‌లో గచ్చిబౌలి రేంజ్ ఉంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో పదిమీటర్ల రైఫిల్‌లో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్, 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పదిమీటర్ల పిస్టల్‌లో రజతం గెలిచిన ఈషా సింగ్ ఇద్దరూ ఈ నగరం నుంచే ఎదిగారు. దారి రాష్ట్ర అసోసియేషన్ పోటీతో మొదలై, జోనల్ పోటీల మీదుగా, అర్హత స్కోరు దాటినవాళ్లకి జాతీయ పోటీ దాకా వెళ్తుంది.

క్వాలిఫికేషన్‌లో అరవై షాట్లు, ఎలక్ట్రానిక్ టార్గెట్ మీదైతే 75 నిమిషాలు, దానికి ముందు తయారీకీ, లెక్కలోకి రాని సైటింగ్ షాట్లకీ 15 నిమిషాలు. పిస్టల్‌లో దశాంశాలు లెక్కకి రావు, పూర్తి పాయింట్లే, గరిష్ఠం 600. సమాన స్కోరు వస్తే లోపలి పది (పది వలయంలోని ఇంకా చిన్న వలయం) ఎక్కువ కొట్టినవాళ్లు ముందు. ఫైనల్‌లో దశాంశాలు వస్తాయి, ఒక్క షాట్‌కి అత్యధికం 10.9.

ఒక్కో షాట్‌కి 75 సెకన్ల లెక్క. నిదానంగా కాల్చేవాళ్లకి కూడా ఇది చాలు, కానీ వరసగా రెండు ఎనిమిదులు పడ్డాక ఐదు నిమిషాలు ఆగడానికి కొంత మిగుల్చుకోవాలి. పిస్టల్ మొరాయిస్తే ఆ మిగులే కాపాడుతుంది. టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలో పాడై సమయం హరించింది. ఆమె 575 పాయింట్లతో 12వ స్థానంలో ఆగిపోయింది. అందుకే బ్యాగ్‌లో ఒక నిండు సిలిండర్, ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ ఉంటే కొత్త బ్యాటరీ, అలెన్ కీలు, అదనపు ఓ రింగులు (గాలి కారకుండా ఆపే రబ్బరు వలయాలు), 500 గ్రాముల తూకం ఉండాలి. దొరికితే మీ గ్రిప్ కొలతకే సెట్ చేసిన రెండో పిస్టల్ అడిగి పెట్టుకోండి.

విమానంలో వెళ్తుంటే సిలిండర్‌ని పిస్టల్ నుంచి విప్పి, పూర్తిగా ఖాళీ చేసి, చెకిన్ సామానులో వేయాలి. గాలి వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే గాలి వదిలే స్క్రూతోనే వదలండి, వాల్వు పిన్నుని మేకుతో నొక్కితే సీటు గీసుకుపోయి తర్వాత లీకవుతుంది. ఎయిర్‌లైన్‌కి ముందే ఫోన్ చేసి చెప్పి, బిల్లు, అసోసియేషన్ గుర్తింపు కార్డు, పోటీ ఆహ్వాన పత్రం చేతిలో పట్టుకోండి. పోటీ ఊరికి దిగాక మొదట అడగాల్సింది అక్కడ గాలి ఎక్కడ నింపుతారు, వాళ్ల అడాప్టర్ మీ సిలిండర్‌కి సరిపోతుందా అని. సరిపోకపోతే మీ అడాప్టర్ మీ దగ్గర ఉండాలి.